మూడు గ్లాసుల బియ్యం నుంచి రెండుకి

పోయినేడు సంక్రాంతి పిండివంటలయ్యాక మావారికి టెస్టులు చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంట, అంటే షుగరు ఇంకా లోపలికి రాలేదు గానీ గుమ్మంలో చెప్పులు విప్పుతోందన్నమాట.

ఇక నా హడావుడి చూడాలి. ఆరోజే బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించేసి కొర్రలు, సామలు, అండుకొర్రలు తలా రెండు కిలోలు తెచ్చేశా. నానబెట్టాలని తెలీక కొర్రలు కడిగి నేరుగా కుక్కర్లో పెట్టేస్తే పలుకుపలుకుగా ఉండి పప్పుచారు పోసుకున్నా గొంతు దిగలేదు, పిల్లలిద్దరూ చేతులు కడిగేసుకున్నారు, అత్తయ్యగారైతే "నాకు షుగర్ లేదుగా, నాకెందుకమ్మా ఈ పత్యం" అని మజ్జిగ తాగి పడుకున్నారు. తర్వాత వారం రోజులు ఎవరికి కావల్సింది వాళ్ళకి వండి నా నడుం పడిపోయింది. మావారు రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో లేస్తున్నారని మురిసిపోతుంటే ఓ రాత్రి పదకొండింటికి వంటింట్లో చప్పుడు, వెళ్ళి చూస్తే లైటు కూడా వెయ్యకుండా జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు!

ఇలా కాదని బియ్యం డబ్బా కిందకి దించా. అసలు మా కంచాలు చూస్తే అన్నం గుట్ట, కూర నంజుకోడానికి, పప్పేమో నీళ్ళు. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఉంది, చిరుధాన్యాలూ ఆ లెక్కలోవే, మరి కొర్రన్నం గుట్టగా పెట్టుకుంటే మాత్రం ఏం లాభం?

అయిదుగురికి మూడు గ్లాసులు పోసేదాన్ని, రెండు చేశా. అరకిలో కూర కిలో అయ్యింది, పప్పు గట్టిగా. ముందు కప్పు కూర ఖాళీ చేస్తేనే అన్నం గిన్నె బల్ల మీదకొస్తుంది, ఇది నా రూలు. కొర్రలు వారానికి రెండుసార్లే, అదీ నానబెట్టి ఉప్మాగా.

నూనె లెక్క వేస్తే గుండె జారింది, నెలకి అయిదు లీటర్ల క్యాన్ అంటే మనిషికి లీటరు! తగ్గించే ఉపాయం అత్తయ్యగారే చెప్పారు. బాణలిలో రెండు చెంచాల నూనెతో పోపు పెట్టి, దొండకాయ ముక్కలు, ఉప్పు వేసి, పళ్ళెం మూత పెట్టి ఆ పళ్ళెంలో నీళ్ళు పోసి సన్నసెగ మీద వదిలేయడమే, లోపలి ఆవిరికి అడుగంటకుండా మగ్గిపోతాయి, ఆఖర్న మూత తీసి అయిదు నిమిషాలు వేయిస్తే చాలు. కరకరలాడవు, ఒప్పుకుంటా, కానీ ఇప్పుడు క్యాన్ నెలన్నర వస్తోంది.

ఆదివారం కోడికూర, బగారా అన్నం మాత్రం ముట్టుకోలేదు, అది తీసేస్తే మొత్తం సంస్కరణ కూలిపోతుందని భయం.

నాలుగు నెలలకి మళ్ళీ టెస్ట్ చేయిస్తే 5.8. సాయంత్రం నడక కూడా మొదలెట్టారు కాబట్టి క్రెడిట్ అంతా నా వంటకే ఇవ్వలేను. ఇప్పుడు గొడవంతా ఆవకాయ దగ్గర. అత్తయ్యగారికి బీపీ ఉందని జాడీలో పెద్ద గరిటె తీసేసి కాఫీ చెంచా వేశా, ఆవిడ ఏం మాట్లాడకుండా ఆ చెంచాతోనే మూడుసార్లు వేసుకుంటున్నారు.