గూటిలో దీపం

దివ్య ఖుర్ఆన్‌లోని 24వ సూరా (అధ్యాయం) పేరు ‘నూర్’, అంటే వెలుగు. అందులోని 35వ ఆయత్ (వాక్యం) అల్లాహ్‌ను ఆకాశాలకూ భూమికీ వెలుగు అని చెప్పి, ఆ వెలుగుకు ఒక ఉపమానం ఇస్తుంది: ఒక గూడు, ఆ గూటిలో దీపం, దీపం చుట్టూ గాజు, ఆ గాజు మిలమిల మెరిసే నక్షత్రం వంటిది, దీపంలోని నూనె తూర్పుదీ పడమరదీ కాని శుభప్రదమైన ఆలివ్ చెట్టుది, నిప్పు తాకకముందే వెలగబోతున్నట్టుండేది, వెలుగు మీద వెలుగు. గూడు అన్న చోట అరబ్బీలో ఉన్న మాట ‘మిష్కాత్’. గోడకు అవతలి వైపు తెరుచుకోని గూడు అని వ్యాఖ్యాతలు దానికి అర్థం చెప్పారు.

ఈ ఆయత్‌కు నాకు మొదటి వ్యాఖ్యానం దొరికింది భీమిలిలోని మా నానీ (అమ్మమ్మ) వాళ్ళ పెంకుటింట్లోనే. వీధి తలుపు పక్కన, చిన్నప్పటి నా భుజం ఎత్తులో, పైన వంపు తిరిగిన ఒక దీపపు గూడు ఉండేది. లోపలి గోడంతా మసి పట్టి నల్లగా, అడుగున ఆముదం జిడ్డు పేరుకుని ఉండేది. సముద్రపు గాలికి వసారాలో రెపరెపలాడి కొండెక్కబోయే దీపాన్ని ఆమె తెచ్చి ఆ గూటిలో పెట్టేవారు. పెట్టిన మరుక్షణమే మంట నిటారుగా నిలబడేది. నాలుగు దిక్కులకూ చెదిరిపోవలసిన వెలుతురును వెనుక గోడ పోగుచేసి, మేము అన్నం తినే చోటికి పంపేది. మిష్కాత్ చేసే పని ఇదేనని పెద్దయ్యాక తఫ్సీర్ (ఖుర్ఆన్ వ్యాఖ్యానం) చదివినప్పుడు తెలిసింది. అంతకు ముందే నేను దాన్ని కళ్ళారా చూశాను.

మసీదులోని మిహ్రాబ్ ఆకారం ఆ గూడు ఆకారమే. ఖిబ్లా (నమాజుకు తిరిగే మక్కా దిక్కు) వైపు గోడలో, ఇమాం నిలబడే చోట, వంపు కమానుతో లోపలికి తొలిచిన ఖాళీ అది. దైవప్రవక్త (స) కాలంలో మదీనా మసీదులో అలాంటిది లేదు. ఖర్జూరపు దూలాలు స్తంభాలుగా, ఆకులే కప్పుగా ఉన్న ఆ మసీదులో రాత్రివేళ మట్టలు కాల్చి వెలుతురు చేసుకునేవారని, తర్వాత ప్రవక్త సహచరుడు తమీమ్ దారీ (రజి) అక్కడ నూనె దీపాలు వెలిగించారని రివాయతులు (ఉల్లేఖనాలు) చెబుతాయి. ఎనిమిదో శతాబ్దం తొలి దశకంలో ఖలీఫా వలీద్ ఆ మసీదును తిరిగి కట్టించినప్పుడు లోతైన మిహ్రాబ్ వచ్చింది. తరువాతి శిల్పులు చాలా చోట్ల మిహ్రాబ్ రాతిలోనే వేలాడే దీపాన్ని చెక్కారు. పద్నాలుగో శతాబ్దంలో కైరో మసీదుల కోసం చేసిన గాజు దీపాల మెడ చుట్టూ ఈ ఆయత్ తొలి మాటలనే నీలి, బంగారు పూతలతో రాశారు. లోపల వత్తి వెలిగితే ఆ అక్షరాలు వెలుగులో తేలేవి. వాక్యం చెప్పిన గాజులోనే వాక్యాన్ని వెలిగించిన ఆ పనివాళ్ళను తలచుకుంటే నాకు నేటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంతగా వెలుగును ప్రేమించిన ధర్మం వెలుగుకు తల వంచడాన్ని మాత్రం అంగీకరించలేదు. సూర్యుడికీ చంద్రుడికీ సజ్దా (సాష్టాంగం) చేయవద్దని, వాటిని సృష్టించిన అల్లాహ్‌కే సజ్దా చేయమని 41వ సూరాలోని 37వ ఆయత్ స్పష్టంగా చెప్పింది. తెల్లవారుజామున చదివే ఫజర్ నుంచి రాత్రి చదివే ఇషా వరకు ఐదు నమాజుల వేళలనూ సూర్యుడి నడకే నిర్ణయిస్తుంది. అయినా సూర్యుడు ఉదయిస్తున్న ఆ కొద్దిసేపు, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమిస్తున్నప్పుడు నమాజుకు నిలబడవద్దని హదీసు (ప్రవక్త మాట) ఆపుతుంది. అందుకే మిహ్రాబ్‌లో మొక్కడానికి ఏ రూపమూ ఉండదు. దీపపు గూటి ఆకారాన్ని ఖాళీగా ఉంచి, ఆ ఖాళీ వైపు తిరిగి నిలబడడంలోనే మసీదు వాస్తు మర్మమంతా ఉందని నా నమ్మకం.

కట్టినవారు వెలుతురును లోపలికి రప్పించిన తీరులు అనేకం. 1367 నాటి గుల్బర్గా జామా మసీదుకు ఆరుబయలు ముంగిలి లేదు, మొత్తం కప్పే. పక్క గోడల కమానుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల వరుసలు దాటుతూ లోపలికి పోయే కొద్దీ మెత్తబడుతుంది. ఢాకాలో మరీనా తబస్సుమ్ రూపొందించిన బైతుర్ రవూఫ్ మసీదు కప్పులోని గుండ్రటి రంధ్రాల గుండా ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద రాలుతుంది. వీటితో పోలిస్తే, ఈ మధ్య మిహ్రాబ్ చుట్టూ రంగులు మార్చే ఎల్ఈడీ పట్టీలు బిగించే అలవాటు నాకు బాధ కలిగిస్తోంది. చూపును అవి తమ దగ్గరే ఆపేస్తాయి.

విశాఖలో ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి వాలి. కనుక మేము నమాజుకు నిలబడినప్పుడు సముద్రమూ సూర్యోదయమూ మా వీపు వెనుక ఉంటాయి. పాతనగరంలోని మా చిన్న మసీదు తలుపు తూర్పున, రవ్వంత దక్షిణానికి తిరిగి ఉంటుంది. తలుపు ఎదుట పెద్ద వేపచెట్టు ఉండేది. పొద్దుటి ఎండ దాని కొమ్మల్లోనే ఆగిపోయేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని తాకింది. వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, కరెంటు పోయింది. రెండో రోజు ఫజర్‌కు, అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ ఎక్కడి నుంచో ఒక లాంతరు తెచ్చి, గాజుబుడ్డి తుడిచి మిహ్రాబ్‌లో పెట్టారు. గూడు, దీపం, గాజు: ఆయత్ మొత్తం కళ్ళ ముందు కూర్చున్నట్టుంది. ఇమాం సాబ్ దాన్ని కాసేపు చూసి, రెండు చేతులతో తీసి పక్క గోడలోని చిన్న గూటిలో పెట్టారు. ‘మనకు ఎదురుగా వద్దులే బాబూ, పక్క నుంచి రానీ’ అన్నారు, అంతే. ఆ మసక వెలుతురులోనే ఫజర్ చదివాం.

నమాజు ముగిస్తూ సలాం తిప్పాక ఎవరూ లేవలేదు. కొంతసేపటికి వెనుక నుంచి ఎండ లోపలికి వచ్చింది. చెట్టు లేదు కాబట్టి మొదటిసారి అది చాపల మీదుగా, మా నీడలను పొడుగ్గా ముందుకు పరుస్తూ, నేరుగా వెళ్ళి మిహ్రాబ్ నిండా నిలిచింది. సూర్యుడు పొడుస్తున్న వేళ గనుక ఇమాం సాబ్ తస్బీహ్ (జపమాల) తిప్పుతూ అలాగే కూర్చున్నారు, మేమూ కూర్చున్నాం. మౌజన్ సాబ్ మెల్లగా లేచి వెళ్ళి లాంతరు వత్తి దించారు. ఎండ కాస్త పైకి వచ్చిన తర్వాత, ఒక్కొక్కరుగా ఇష్రాక్ నమాజుకు లేచి నిలబడ్డాం.