కాలువ ఎండిన వేసవిలో మా కోళ్లు

మా దొడ్డికి అప్పట్లో మూడు వైపులే కంచె. నాలుగో వైపు పంట కాలువ. మా మామయ్యగారి కాలం నుంచీ ఆ వైపు కంచె కావాలని ఎవరికీ అనిపించలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు కాలువలో నీళ్లు నిండుగా పారుతాయి. అవతలి గట్టు కుక్కలు అవతలే తిరుగుతాయి. వేసవిలో మాత్రం, రబీ కోతలు అయ్యాక, ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. పూడిక తీయాలన్నా, లాకులు బాగుచేయాలన్నా అప్పుడే అదను. కాలువ కట్టేసే ముందు చెరువులు నింపుకోవడం, మంచినీళ్లకు ఏర్పాట్లు చూసుకోవడం కోనసీమలో అందరికీ అలవాటే. 2025 వేసవిలో ఆ ఎండిన కాలువ మీదుగా కుక్కల గుంపు ఒకటి మా దొడ్లోకి వచ్చింది.

అంబాజీపేటకు దగ్గర్లో, కొబ్బరి తోటల మధ్య మా ఇల్లు. కోళ్లు మాకు వ్యాపారం కాదు. గుడ్లు ఇంటికి సరిపోగా ఇరుగుపొరుగుకు ఇస్తాం. ఇంట్లో నాటుకోడి పులుసు వండడం మానేసి చాలా కాలమైంది. అందుకు కారణం భక్తి కాదు, గోరింట. ఎర్రటి పెట్ట కనుక ఆ పేరు పెట్టాం. నేను వసారాలో మిషను మీద జాకెట్లు కుడుతుంటే తొక్కుడు చెక్క పక్కన వచ్చి కూర్చునేది. గుడ్డ పీలికలు వేసే బుట్టే దాని గుడ్ల బుట్ట. (దారపు ముక్కలు కోళ్లకు మంచివి కావు. మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి. అది వచ్చాక నేలమీద దారం కనబడనివ్వడం మానేశాను.) వంటింట్లో కూర వండే చేత్తోనే దాన్ని నిమిరి, మళ్లీ దాని చెల్లెలినో కూతురినో కోయడం నా వల్ల కాలేదు. అత్తయ్యగారు మొదట్లో నవ్వేవారు. తర్వాత ఆవిడే నూకల చేట పట్టుకుని "రండమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు.

పుంజు కాకి డేగ, ఎరుపు మీద నలుపు. పిల్లలు దానికి దొర అని పేరు పెట్టారు. దాన్ని గమనిస్తే కాలం తెలియదు. పురుగు దొరికితే ముక్కుతో తీసి, కింద పడేసి, మళ్లీ తీసి, "కుక్ కుక్" అంటూ పెట్టలను పిలుస్తుంది. తాను తినదు. ప్రమాదం చూస్తే రెండు రకాలుగా అరుస్తుంది. గద్ద నీడ పడితే సన్నగా, పొడుగ్గా ఒకే కేక. ఆ కేకకు అన్నీ అరటి చెట్ల కిందికి దూరి కదలకుండా ఉండిపోతాయి. నేలమీద పిల్లో ముంగిసో కుక్కో కనబడితే మెడ నిటారుగా ఎత్తి, ఆపకుండా ముక్కలు ముక్కలుగా అరుస్తుంది. మొదటిది వింటే నేను పైకి చూస్తాను. రెండోది వింటే చేతికి అందిన కర్ర తీసుకుంటాను.

ఆ మధ్యాహ్నం వినబడింది రెండోదే. భోజనాలయ్యి ఊరంతా కునుకు తీసే వేళ. నేను పరుగెత్తి వెళ్లేసరికి రెండు పడుచు పెట్టలు చనిపోయి ఉన్నాయి. ఒక్కదాన్నీ తినలేదు. ఆకలితో వచ్చిన కుక్క ఒక కోడిని నోట కరుచుకుని పోతుంది. పరుగెత్తేవాటిని చూసి గుంపుగా రెచ్చిపోయిన కుక్కలు ఒకదాని వెనుక ఒకదాన్ని పట్టి విదిలిస్తాయి. ఒక గోధుమరంగు కుక్క నోట్లో గోరింట ఉంది. కొబ్బరి మట్టతో కొడితే వదిలింది గానీ, లాక్కునేటప్పుడు నా మణికట్టు మీద పన్ను గీరుకుంది.

"రక్తం రాలేదు కదా, పసుపు అద్దుకో" అన్నారు చూడవచ్చినవాళ్లు. నేను ఒప్పుకోలేదు. రేబిస్ క్షీరదాల జబ్బు, కోడికి దాని భయం లేదు. భయపడాల్సింది నేనే. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సినిమా పాటలు మూడు పాడుకునేంత సేపన్నమాట. చాలామంది అర నిమిషంతో సరిపెడతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజు, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేశారు. గీరుకుని రక్తం రాకపోయినా టీకా తప్పదనీ, రక్తం వచ్చి ఉంటే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు కూడా ఎక్కించాల్సి వచ్చేదనీ అక్కడి నర్సమ్మ చెప్పింది.

గోరింట గాయం పైకి పెద్దగా కనబడలేదు. ఈకల మధ్య రెండు చిన్న రంధ్రాలు, అంతే. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడు ఈకలు కత్తిరించి చూపించాక నాకు కాళ్లు వణికాయి. కుక్క పన్ను చర్మం మీద చేసేది చిన్న చిల్లే. కోడిని పట్టి విదిలించడంతో లోపల చర్మం కండ నుంచి ఊడిపోతుంది, నోటిలోని సూక్ష్మక్రిములు ఆ సందులోకి దిగుతాయి. అందుకే చాలా కోళ్లు ఆ పూట బతికి, రెండు మూడు రోజుల తర్వాత పోతాయట. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు వేసి కాచి చల్లార్చి, సూదిలేని సిరంజితో గాయంలోకి చిమ్మి కడిగాం. పోవిడోన్ అయోడిన్‌ను పల్చని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడమన్నారు. యాంటీబయోటిక్ మోతాదు బరువు తూచి ఆయనే నిర్ణయించారు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర విరిచి వేయవద్దని గట్టిగా చెప్పారు. ఆ మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు వరకూ గుడ్లు తినకూడదు. ఆ మాటకు పెద్ద అర్థం లేకపోయింది, భయపడిన పెట్ట చాలా వారాలు గుడ్డే పెట్టలేదు.

మందుకన్నా కష్టమైనవి మిగతా పనులు. గాయం మీద ఎరుపు కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయి, కనుక విడిగా ఉంచాలి. వేసవి వేడికి ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి, కనుక దోమతెర కప్పాలి. అట్టపెట్టెలో వరి ఊక పరిచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి మిషను పక్కనే పెట్టుకున్నాను. గ్లూకోజు నీళ్లు ముక్కు కొసన తాకిస్తే తనే మింగేది. గొంతులోకి పోయకూడదు, గాలిగొట్టంలోకి పోతుంది. మొదటిసారి లేచి నిలబడి మెతుకు ఏరుకున్న రోజు అత్తయ్యగారు ఏమీ అనకుండా పెరుగన్నం కలిపి తెచ్చారు.

ఇక కుక్కల సంగతి. ఊళ్లో అందరూ సలహాదారులే. "ముద్దలో మందు కలిపి గట్టు మీద పెట్టండమ్మా, రెండు రోజుల్లో పీడ వదులుతుంది" అన్నాడొక పెద్దమనిషి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువుకు విషం పెట్టి చంపితే అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. నేను ఆ సెక్షను ఎత్తకుండా ఒకే మాట అడిగాను. "ఆ ముద్దను ముందు రుచి చూసేది ఎవరండీ?" మా దొడ్లో కంటికి కనబడిన ప్రతిదాన్నీ ముందుగా పొడిచి చూసేది దొరే. పెద్దమనిషి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

పంచాయతీలో అర్జీ ఇచ్చాను. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. పట్టుకున్న చోటే మళ్లీ వదలాలి. "బండెక్కించి గోదావరి అవతల దింపేస్తే పోలేదా" అనేవాళ్లకు అది నచ్చదు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ కుక్కల కేసులో తన మొదటి ఉత్తర్వు మార్చి, రేబిస్ సోకినవీ, మరీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని పట్టుకున్న చోటే వదలమంది. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు మా అరుగు మీద పెద్ద సభే జరిగింది. ఒక గుంపును ఖాళీ చేస్తే ఆ చోటికి మరో గుంపు వస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ రుచించలేదు. నా అర్జీకి రసీదు వచ్చింది. పని రాలేదు. శస్త్రచికిత్సలు చేసే కేంద్రం పట్నంలో ఉంది, బండి మన ఊరికి ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు.

అర్జీ కన్నా గట్టు మీద నడకే ఎక్కువ ఉపయోగపడింది. ఆ కుక్కలు ఎక్కడ పడుకుంటున్నాయో చూద్దామని వెళ్తే, వంతెన పక్కన కోడిమాంసం వ్యర్థాల గుట్ట కనబడింది. ఈకలు, పేగులు, తలలు. రోజూ కోడి వాసన మేస్తున్న గుంపుకు నాలుగు అడుగుల అవతల బతికున్న కోళ్లు. ఆడవాళ్లం కొందరం కలిసి అడిగితే, కొంత వాదన జరిగాక మూతపెట్టిన డ్రమ్ము వచ్చింది. గుట్ట పోయాక గుంపులో సగం చెదిరిపోయింది.

గూడు కట్టడానికి ఆ వేసవిలో ఎక్కువ శ్రమ, డబ్బు పోశాం. అంతకుముందు రాత్రి కోళ్లను గంపల కింద మూసి పైన రాయి పెట్టేవాళ్లం. గంప పిల్లిని ఆపుతుంది, కుక్క మూతితో తోస్తే దొర్లిపోతుంది. దుకాణంలో చూపించే సన్న తీగ జాలీ, ఆరు పలకల కన్నులది, కోళ్లను లోపల ఉంచడానికే. కుక్క పళ్లకు అది నిలవదు. మేము వెల్డ్ మెష్, అంటే తీగలను అతికించి చేసిన గట్టి జాలీ, తీసుకున్నాం. కింది రెండు అడుగులు అర అంగుళం కన్ను, పైన అంగుళం.

నేల దగ్గరే మా ప్రాంతపు చిక్కు మొదలైంది. కుక్కలు తవ్వకుండా జాలీని అడుగున్నర లోతుకు పాతమంటారు. ఇక్కడ వానాకాలంలో అంత లోతు తవ్వితే నీళ్లు ఊరుతాయి, ఇనుము రెండేళ్లలో తుప్పు పడుతుంది. అందుకని లోతుకు పోకుండా బయటికి పరిచాం. గూడు అడుగు నుంచి రెండు అడుగుల వెడల్పున జాలీని నేలమీద చదునుగా పరిచి, మేకులు దిగ్గొట్టి, పైన మట్టి వేశాం. గడ్డి మొలిచి అది కనబడకుండా పోయింది. కుక్క ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వుతుంది. కాళ్ల కింద తీగ తగిలితే, రెండు అడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. వర్షాలు పడ్డాక ఒక మూల గోకిన గుర్తులు చూశాను. జాలీ దగ్గర ఆగిపోయాయి.

సరుగుడు కర్రల మొదళ్లకు తారు పూశాం. అడుగున సిమెంటు ఇటుకలు పేర్చి గూటిని ఎత్తు చేశాం, వాన నీళ్లు నిలిస్తే కోళ్లకు జబ్బులు. పైన రేకు, దాని మీద తాటాకు. ఉత్త రేకు కింద మే నెల ఉక్కకు కోళ్లు ఉడికిపోతాయి. లోపల వెదురు దండెం. తలుపుకు గడియ కాక ఒక కొక్కెం కూడా పెట్టించాను. కుక్క మూతితో ఎత్తే గడియలను మా పక్కింటి పిల్లవాడు ఫోనులో చూపించాడు. కొత్త గూటికి కోళ్లు అలవాటు పడేదాకా కొన్నాళ్లు అందులోనే మూసి ఉంచాం. ఆ తర్వాత సాయంత్రం నూకలు లోపల చల్లితే చాలు, చీకటి పడకముందే వాటంతట అవే ఎక్కేవి. పగలు మాత్రం తోటలో తిరగాల్సిందే, కాబట్టి కాలువ వైపూ కంచె వేశాం.

జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం రోజు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మా వీధి కుక్కలు రెండింటికి బిస్కెట్లు చూపించి, ఆటోలో ఎక్కించి తీసుకెళ్లాం. వాటిలో నల్ల ఆడకుక్క ఇప్పుడు మా గుమ్మం ముందే పడుకుంటుంది. అవతలి గట్టువి వస్తే ముందు మొరిగేది అదే. అయినా దాన్ని కోళ్లతో ఒంటరిగా వదలను. దాని మీద నాకు ప్రేమ ఉంది, నమ్మకం అంత లేదు.

వానలు తగ్గాక గోరింట పొదుగుకు కూర్చుంది. 21 రోజులకు పిల్లలు వచ్చాయి. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే లాసోటా టీకా చుక్కలు కంట్లో వేయించాం. గోరింట ఎడమ రెక్క కొంచెం వాలి ఉంటుంది గానీ, పిల్లల జోలికి వస్తే నన్నే పొడుస్తోంది.

సంక్రాంతికి ముందు భీమవరం వైపు నుంచి ఒకాయన దొరను బేరం చేయడానికి వచ్చాడు. కాలు చూశాడు, మెడ చూశాడు, పందెం మాట ఎత్తకుండానే మంచి ధర చెప్పాడు. అమ్మం అన్నాను. ఇంకొంచెం పెంచాడు. అత్తయ్యగారు "మా ఇంటి పుంజు కత్తి కట్టడానికి కాదు బాబూ" అన్నారు. ఆయన నొచ్చుకోలేదు. గూడు చుట్టూ ఒకసారి తిరిగి, నేలమీది జాలీని చెప్పుతో తట్టి చూసి, తన దొడ్డికి కూడా కుక్కల బెడదే ఉందని చెప్పి, వెడల్పు ఎంతో, కన్ను ఎంతో సిగరెట్ పెట్టె వెనుక రాసుకుని వెళ్లాడు.