పుస్తకం మూసి చెప్పమన్న మాస్టారు

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో మేం బి.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ ఒక్క ప్రతే ఉండేది. అట్ట ఊడిపోతే ఎవరో పాత క్యాలెండరు కాగితం అంటించారు. నా వంతు రావడానికి నెల పట్టింది. వచ్చాక రెండు రాత్రుల్లో ముగించాను. పెళ్లిపందిట్లోంచి వరుణ్ణి గజదొంగ గన్నారెడ్డి ఎత్తుకుపోతే, పెళ్లి తప్పిన అన్నాంబిక మనసు చివరికి ఆ దొంగ మీదికే పోవడం! ఆ వయసులో ఇంకేం కావాలి?

మా తెలుగు మాస్టారు మాత్రం “కథ తర్వాత చెబుదువుగానిలే. పుస్తకం మూసి, నీకేం కనిపించిందో చెప్పు” అన్నారు. కోట అన్నాను, గుర్రాలన్నాను, రుద్రమదేవి కొలువన్నాను. “అదీ! రాసింది కుంచె పట్టిన చెయ్యిరా” అన్నారు. అడివి బాపిరాజు మా కాలేజీలోనే చదివారనీ, ఆయనలోని చిత్రకారుణ్ణీ కవినీ ప్రోత్సహించింది ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అనీ అప్పుడే తెలిసింది. చిత్రకారుడు దామెర్ల రామారావుని చేరదీసిందీ ఆ దొరే.

బాపిరాజు బతికింది 1895 నుంచి 1952 దాకా. ఆ కాస్త ఆయుష్షులోనే లా చదివారు, జైలుకెళ్లారు, బందరు జాతీయ కళాశాల నడిపారు, హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకులయ్యారు. ఆయన నవల ‘నారాయణరావు’కి విశ్వనాథ ‘వేయిపడగలు’తో కలిపి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆయన చారిత్రక నవలలే ప్రాణం. ‘హిమబిందు’లో శాతవాహనుల ధాన్యకటకం, ‘అడవి శాంతిశ్రీ’లో ఇక్ష్వాకుల విజయపురి. వర్ణనలు మరీ ఎక్కువంటారు కొందరు. ఆ వర్ణనల కోసమే నేను మళ్లీ మళ్లీ చదివాను. చరిత్ర పాఠంలో రాజుల పేర్లు వల్లె వేశాం. ఆ రాజుల ఊళ్లలో మనుషులు ఎలా ముస్తాబయ్యేవారో, ఎలా ప్రేమించుకునేవారో చూపించింది బాపిరాజే.

పదేళ్ల కిందట కర్ణాటకలోని రాయచూరు కోటకు వెళ్లాం. 1294 నాటి శాసనం అక్కడుంది, నలభై అడుగులు దాటిన ఒకే రాతి మీద. తెలుగులో. కోట కట్టించిన గోన గన్నారెడ్డి పేరుంది అందులో. అంత రాతినీ బండి మీద లాక్కొస్తున్న బొమ్మ కూడా చెక్కి ఉంది. నాకు కళ్లు చెమర్చాయి.

“ఎవరండీ ఆయన?” అంది మా ఆవిడ.

అక్కడే గోడ నీడన కూర్చుని, పెళ్లిపందిరి దగ్గర్నుంచి కథ మొదలుపెట్టాను.