గళ్ళనుడికట్టు యాప్: ‘రాష్ట్రం’ రెండు గళ్ళలో కూర్చుంది, ‘సాఫ్ట్‌వేర్’ ఇంకా మొరాయిస్తోంది

హమ్మయ్య! నేను తయారు చేస్తున్న ఆండ్రాయిడ్ గళ్ళనుడికట్టు యాప్‌లో, అడ్డం ఏడులో ‘రాష్ట్రం’ రెండంటే రెండే గళ్ళలో పడింది. నా పాత ఆండ్రాయిడ్ 10 ఫోన్లోనూ, ఆండ్రాయిడ్ 15 ఎమ్యులేటర్లోనూ (కంప్యూటర్లో నడిచే నకిలీ ఫోన్) ఒకేలా. ఈ ఒక్క మాట కోసం ఎన్ని రాత్రులు లాగ్‌క్యాట్ (యాప్ లోపల జరిగేది చూపించే చిట్టా) ముందు కూర్చున్నానో!

మిగతావి ముందు చెప్పేస్తాను. ఫోన్లోనే ఉండే రూమ్ డేటాబేస్‌లో ఆట సేవ్ అవుతోంది. డార్క్ థీమ్ వచ్చేసింది. ఫోన్ అడ్డం తిప్పినా నింపిన గళ్ళు పోవట్లేదు. ఇక అసలు గొడవలోకి వద్దాం.

కాట్లిన్‌లో (నేను యాప్ రాస్తున్న ప్రోగ్రామింగ్ భాష) ‘రాష్ట్రం’ పొడవు అడిగితే 8 అంటుంది. ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా. ఇది అందరికీ తెలిసిందే, అందుకే మొదటినుంచీ మాటని అక్షరాలుగా ముక్కలు చేసే ఐసీయూ బ్రేక్ ఇటరేటర్నే వాడుతున్నాను. ఎమ్యులేటర్లో ‘రా’, ‘ష్ట్రం’ అని ముచ్చటగా రెండు ముక్కలు చేసింది. అదే ఏపీకే (యాప్ ఫైలు) ఫోన్లో వేస్తే ‘రా’, ‘ష్’, ‘ట్’, ‘రం’. నాలుగు గళ్ళు! పక్కనున్న నల్ల గడి మీదికెక్కి, దానవతల నిలువు పదం మొదటి అక్షరాన్ని కూడా తినేసింది.

మొదటి అనుమానం ఫాంటు మీద. నోటో సాన్స్ తెలుగు తీసి మండలి పెట్టాను, అదే నాలుగు. నిజానికి ఫాంటుకీ ముక్కలు చేయడానికీ సంబంధమే లేదు, కానీ తెర మీద పొల్లులు విడివిడిగా కనబడుతుంటే ముందు అటే చూస్తాం. రెండో అనుమానం లొకేల్, అంటే ఏ భాష నియమాలు వాడాలో చెప్పే సెట్టింగు. తెలుగు లొకేల్ ఇచ్చాను, ఏ భాషకీ చెందని రూట్ లొకేల్ ఇచ్చాను, తేడా సున్నా. మూడోది పదాల జాబితా మీద: ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అతికించిన మాటల్లో కనబడని గుర్తులు ఉంటాయి కదా. ఒక్కో గుర్తునీ లాగ్‌లో అచ్చు వేయించాను. రెండు చోట్లా అవే ఎనిమిది, అదే వరుస.

ఈ వెతుకులాటలో ఒక లాభం మాత్రం దక్కింది. ఐత్వం రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తుకి కింది ముక్క విడిగా తగిలించి. కంటికి రెండూ ఒకటే, పోల్చి చూస్తే వేరు. ‘కైలాసం’ సరిగ్గా నింపినా ఎర్ర రంగు చూపించడానికి అదే కారణం. జాబితా మొత్తాన్నీ ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్‌లో (రెండు రకాల రాతనీ ఒకే రకానికి మార్చేది) ఒకసారి తిప్పితే తీరిపోయింది.

అసలు కారణం మరోచోట ఉంది. పొల్లు తర్వాత హల్లు వస్తే అక్షరాన్ని విడగొట్టకూడదు అన్న నియమం తెలుగు, దేవనాగరి లాంటి కొన్ని లిపులకు యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణం) 15.1తో ప్రామాణికంలోకి వచ్చింది, అంటే 2023లో. బ్రేక్ ఇటరేటర్ పట్టికలు మన యాప్‌లో ఉండవు, ఫోన్ సిస్టమ్‌తో పాటు వస్తాయి. కాబట్టి పాత ఆండ్రాయిడ్‌కి ఆ నియమమే తెలీదు. ఒకే కోడ్, ఒకే పదం, ఫోన్ వయసుని బట్టి లెక్క మారుతుంది!

సొంత పట్టికలతో వచ్చే ఐసీయూ4జే లైబ్రరీనే యాప్‌లో కలిపేస్తే? అది పది ఎంబీ పైమాటే. గళ్ళాటకి అంత బరువు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఫ్లటర్‌తో (డార్ట్ భాషలో యాప్‌లు రాసే పనిముట్టు) యాప్‌లు చేసే మా రూమ్మేట్ ఇక్కడ నన్ను గెలిచాడు, ఒప్పుకోవాలి: డార్ట్‌లో క్యారెక్టర్స్ ప్యాకేజీ పట్టికలు యాప్‌తోనే వెళ్తాయి, ఏ ఫోన్లోనైనా ఒకటే లెక్క. అయినా నేను నేటివ్ (ఆండ్రాయిడ్ సొంత పనిముట్లతో రాయడం) వదలను. కంపోజ్‌లో (ఆండ్రాయిడ్‌లో తెరలు గీసే పనిముట్టు) ఒక గడి గీసి, దాన్ని మోడిఫయర్లతో మలుచుకుంటుంటే వచ్చే సుఖం వేరు. మా ల్యాబ్ సిలబస్ ఇంకా జావా, ఎక్స్ఎంఎల్ దగ్గరే ఉంది. గూగుల్ కాట్లిన్‌కే పెద్దపీట అని 2019లోనే ప్రకటించింది. ల్యాబ్ రికార్డు కోసం జావా రాస్తూ, ప్రాజెక్టు మాత్రం కాట్లిన్‌లోనే చేస్తున్నాను.

చివరికి సొంత రెజెక్స్ (అక్షరాల వరుసని గుర్తుపట్టే సూత్రం) రాశాను. ఒక హల్లు, ఆ వెంట పొల్లు, హల్లు జంటలు ఎన్నైనా, తర్వాత గుణింతం గుర్తు ఉంటే ఉండొచ్చు, లేదా చివర పొల్లు, ఆపైన సున్నా, అరసున్న, విసర్గ. అచ్చులకు విడిగా ఒక దారి. అంతే. ‘లక్ష్మి’ రెండు, ‘శాస్త్రం’ రెండు, ‘శ్రీ’ ఒకటి. పాత ఫోన్లో చూసి గది దద్దరిల్లేలా కేకేశాను.

కానీ అది జాబితాలోని మాటలకి. మనిషి టైపు చేస్తుంటే వచ్చే తంటా ఇంకోటి. గడికో టెక్స్ట్ ఫీల్డ్ (టైపు చేసే పెట్టె) పెట్టి, అక్షరం పడగానే ఫోకస్ (టైపు చేసేది ఎక్కడ పడాలో ఆ గురి) పక్క గడికి జరిపేలా రాస్తే, ‘క’ పడగానే దూకేస్తోంది. ‘క్ష’ రాయాలనుకున్నవాడికి పొల్లు పక్క గడిలో, చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. తెలుగులో అక్షరం ఎప్పుడు పూర్తయిందో తర్వాతి అక్షరం మొదలైతే గానీ తెలీదు! అందుకని రెండో ముక్క మొదలయ్యాకే జరిగేలా మార్చాను. నేరుగా తెలుగు గుర్తులే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో బాగానే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే కీబోర్డుతో మళ్ళీ చెడింది. అది సగం కట్టిన మాటని తన దగ్గరే ఉంచుకుని, ప్రతి నొక్కుకీ మొత్తం తిరగరాస్తుంది. మధ్యలో ఫోకస్ జరిగితే ఆ సగం మాట అక్కడే ముద్ర పడిపోతుంది. ‘క్’ ఒక గడిలో, ‘ష’ ఇంకో గడిలో.

పరిష్కారం: పదం మొత్తానికి కనబడని ఒకే బేసిక్ టెక్స్ట్ ఫీల్డ్. గళ్ళు ఉత్త బొమ్మలు. ఫీల్డ్‌లో ఉన్నదాన్ని రెజెక్స్‌తో ముక్కలు చేసి 48 డీపీ గళ్ళలో గీస్తాను, 22 ఎస్పీ సైజులో (రెండూ ఆండ్రాయిడ్ తెర కొలతలే). అంతకన్నా పెంచితే ‘ష్ట్రం’ కింది వత్తు గడి గీతకి తగులుతోంది. రామభద్ర ఫాంటు శీర్షికలకి అదిరిపోతుంది గానీ, గళ్ళలోకి పనికిరాదు.

బ్యాక్‌స్పేస్ నొక్కితే గడి మొత్తం ఖాళీ కావాలని మా నాన్నగారి వాదన. ఆయన ఆదివారం పేపర్లో పెన్సిల్‌తో నింపే మనిషి. నాకైతే ఒక్క గుర్తే పోవాలి: ‘కి’ బదులు ‘కీ’ అని దిద్దుకోవడానికి అక్షరమంతా మళ్ళీ కొట్టడమెందుకు? గడి మీద కాసేపు వేలు ఉంచితే ఖాళీ అయ్యేలా పెట్టి ఇద్దరికీ సర్దాను.

ఇక మొండికేసింది ‘సాఫ్ట్‌వేర్’. ‘ట్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (కనబడకుండా ఉండి, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటే సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు గళ్ళు. లేకపోతే విడిగా ఉండాల్సిన ‘వే’ కూడా కలిసి ‘ఫ్ట్వే’గా ముద్దయి మూడే. కొందరు అది కొడతారు, కొందరి కీబోర్డులో అది ఎక్కడుందో కూడా తెలీదు. జాబితాలో గళ్ళ విభజన చేత్తో రాసి పెట్టుకున్నా, నింపేవాళ్ళ చేత అది ఎలా కొట్టించాలి? ఇప్పటికి తోచింది: పొల్లు తర్వాత పక్క గడిని తాకితే ఆ నాన్ జాయినర్‌ని యాప్ తనే చొప్పించాలి. పోల్చేటప్పుడు రెండు వైపులా తీసేసి చూడాలి. ఈ శనివారం అదే పని. అప్పటిదాకా ఇంగ్లీషు మాటలున్న ఆధారాలన్నీ పక్కన పెట్టాను.

ఆ తర్వాత ప్లే స్టోర్. కొత్త వ్యక్తిగత ఖాతాకి 25 డాలర్లు కట్టడమే కాదు, 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి. హాస్టల్లో మనుషులు దొరుకుతారు, కానీ నాకు కావలసింది పాత ఫోన్లు. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్నవాళ్ళని, రకరకాల తెలుగు కీబోర్డులు వాడేవాళ్ళని వెతుకుతున్నాను. ‘కార్త్స్న్యం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటలు కొట్టి, ఎన్ని గళ్ళు పడ్డాయో స్క్రీన్‌షాట్ పంపితే చాలు.