అనుమానానికి కోడ్ లేదు

తిరుపతిలో బయోకెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి, 2023లో బాలాజీ కాలనీ దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో మెడికల్ కోడింగ్ నేర్చుకోవడానికి చేరినప్పుడు, జబ్బుల పేర్లు తెలిసిన నాకు ఈ పని సులువుగానే పట్టుబడుతుందని అనుకున్నాను. అమెరికాలో రోగిని చూసిన డాక్టరు రాసిన నోట్‌ను చదివి, జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్‌ను, అందించిన సేవకు సీపీటీ కోడ్‌ను ఇవ్వడమే ఈ పని. ఇన్సూరెన్స్ చెల్లింపు ఆ కోడ్‌ల మీదే ఆధారపడుతుంది.

దగ్గు, జ్వరంతో వచ్చిన ఒకామె చార్టులో "న్యుమోనియా కావచ్చు, ఎక్స్‌రే తీయించాలి" అని ఉంటే, నేను న్యుమోనియా కోడ్ జె18.9 ఇచ్చాను. "డాక్టరే తేల్చనిది నువ్వెట్లా తేలుస్తావమ్మా?" అన్నారు మా సార్. ఔట్‌పేషెంట్ చార్టులో అనుమానం దగ్గరే ఆగిన జబ్బుకు కోడ్ ఇవ్వకూడదు, దగ్గుకు ఆర్05.9, జ్వరానికి ఆర్50.9 ఇచ్చి ఊరుకోవాలి. లేకపోతే ఆమెకు ఇంకా నిర్ధారణ కాని జబ్బు ఆమె రికార్డులోకి ఎక్కుతుంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ పాఠాన్ని మరీ గట్టిగా పట్టుకోవడం వల్లనే రెండో తప్పు చేశాను. ఒక పెద్దాయన చార్టులో టైప్ 2 షుగర్, బీపీ, 3ఎ దశ కిడ్నీ జబ్బు విడివిడిగా ఉన్నాయి. ఒకదాని వల్ల మరొకటి వచ్చిందని డాక్టరు రాయలేదు కదా అని నేనూ ఇ11.9, ఐ10, ఎన్18.31 అని విడివిడిగానే ఇచ్చాను. ఇక్కడ నియమం వేరు. షుగర్‌కూ కిడ్నీ జబ్బుకూ, బీపీకీ కిడ్నీ జబ్బుకూ సంబంధం ఉన్నట్టే తీసుకోవాలని, సంబంధం లేదని డాక్టరు స్పష్టంగా రాస్తే తప్ప విడదీయకూడదని కోడింగ్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి షుగర్‌తో ముడిపడిన కిడ్నీ జబ్బుకు ఇ11.22, బీపీతో ముడిపడినదానికి ఐ12.9, వాటితోపాటు దశను చెప్పే ఎన్18.31 రావాలి. నేను ఊహించకూడదన్నదీ నిజమే, పుస్తకం కలపమన్నచోట కలపాలన్నదీ నిజమే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావని అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

అదే చార్టుకు, నోట్ ఐదు లైన్లే ఉందని, డాక్టరు రోగిని చూసినందుకు ఇచ్చే విజిట్ కోడ్‌గా 99213 ఇచ్చాను. 2021 నుంచి ఈ విజిట్ల స్థాయిని నోట్ పొడవో, పరీక్షించిన అవయవాల లెక్కో నిర్ణయించదు. డాక్టరు వెచ్చించిన మొత్తం సమయాన్ని గానీ, నిర్ణయం ఎంత క్లిష్టమైనదన్న దాన్ని గానీ చూడాలి. అదుపులో ఉన్నవే అయినా రెండు దీర్ఘకాలిక జబ్బులు ఉండి, మందులు ఆలోచించి కొనసాగించారు కాబట్టి అది ఒక మెట్టు పైనున్న 99214.

మెడికల్ కోడర్‌గా సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలకు 4 గంటలు. కోడ్ పుస్తకాలు దగ్గర ఉంచుకోవచ్చు గానీ, వెతుకుతూ కూర్చునే వ్యవధి ఉండదు. రెండోసారికి గట్టెక్కాను.

ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే ఒక చార్టులో "కిడ్నీ జబ్బు, 3వ దశ" అని మాత్రమే కనిపించింది, 3ఎనా 3బినా అన్నది లేదు. ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 52 అని ఉంది, అది 3ఎ పరిధిలోని విలువే. అయినా ల్యాబ్ అంకెను చూసి దశను తేల్చడం నా పని కాదు కనుక, వివరణ అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపి, జవాబు వచ్చేదాకా ఆ చార్టును పెండింగ్‌లో ఉంచాను.