గేర్‌బాక్స్ దించే ముందు క్లచ్ లివర్‌ని చేత్తో కదిపి చూడండి

పాత కారులో క్లచ్ పెడల్ రాయిలా తయారైందంటే చాలు, చాలామంది 'ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని స్ప్రింగ్ బలంతో నొక్కి పట్టేది) పోయింది' అని తేల్చేసి గేర్‌బాక్స్ దించడానికి సిద్ధమైపోతారు. కాస్త ఆగండి. ముందు రిలీజ్ లివర్ (పెడల్ తొక్కితే కదిలి క్లచ్‌ని విడిపించేది) నుంచి కేబుల్‌నో, హైడ్రాలిక్ క్లచ్ అయితే స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో లివర్‌ని తోసేది) పుష్‌రాడ్‌నో విప్పేసి, రిటర్న్ స్ప్రింగ్ ఉంటే అదీ తీసి, లివర్‌ని చేత్తో అటూ ఇటూ కదపండి. లివర్ తోసే రిలీజ్ బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేట్‌కి తగిలేదాకా ఉండే ఆ కాస్త ఫ్రీ ప్లేలో లివర్ వేలితో తోసినా కదలాలి. తగిలాక గట్టిగా ఉండటం మామూలే, అది స్ప్రింగ్ బలం, దాంతో కుస్తీ పట్టకండి.

తేలిగ్గా కదిలితే లివర్‌ని వదిలేసి కేబుల్, పెడల్ తిరిగే పివట్ చూడండి. హైడ్రాలిక్ అయితే నా మొదటి అనుమానం రబ్బరు హోస్ మీదే. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది. పుష్‌రాడ్ మళ్లీ తగిలించి పెడల్ తొక్కండి, వదిలాక లివర్ బద్ధకంగా వెనక్కి వస్తుంటే స్లేవ్ సిలిండర్ మీది బ్లీడ్ స్క్రూ (ఫ్లూయిడ్ బయటికి వదిలేది) వదులు చేయండి, టక్కున వచ్చేసిందంటే ఫ్లూయిడ్ పైకి వెళ్లలేక ఇరుక్కుంటోందన్నమాట. అప్పటికీ రాకపోతే స్లేవ్ పిస్టన్ తుప్పుకి పట్టేసి ఉండొచ్చు.

ఫ్రీ ప్లేలోనే గరగరమంటూ పట్టేస్తోందా? అప్పుడిక గేర్‌బాక్స్ దించక తప్పదు. రబ్బరు బూట్ సందులోంచి స్ప్రే కొట్టే పని మాత్రం పెట్టుకోకండి, ఆ నూనె క్లచ్ ప్లేట్ మీద పడితే క్లచ్ జారడం మొదలవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి కార్లలో బేరింగ్‌ని తోసే ఫోర్క్ ఒక అడ్డ షాఫ్ట్ మీద తిరుగుతుంది. ఆ షాఫ్ట్‌ని బయటికి లాగితే బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం లాంటి ముక్క) కూర్చునే చోట గ్రీజు ఎండి నల్లటి పెచ్చులు కట్టి ఉంటుంది, కింద ఎర్రటి తుప్పు. బేరింగ్ జారే గైడ్ ట్యూబ్ ఉన్న గేర్‌బాక్స్ అయితే దాని మీద గోరు పెట్టి గీయండి. గోరు తట్టుకునేంత గాడి పడిందంటే ఎంత గ్రీజు రాసినా బేరింగ్ అక్కడే ఆగుతుంది, ట్యూబ్ మార్చాల్సిందే.

బుష్ ఎలాగూ కొత్తది వేయండి. వేడికి కరగని మాలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు పల్చగా ఒక పూత చాలు. సీల్డ్ బేరింగ్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, లోపలి గ్రీజు పోతుంది. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఉండే గ్రాఫైట్ బేరింగ్ ముఖానికైతే గ్రీజే వద్దు. క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవండి. గేర్‌బాక్స్ ఎక్కించే ముందే లివర్ మళ్లీ కదిపి చూడండి, ఎక్కించాక ఫ్రీ ప్లే మీ కారు మాన్యువల్ చెప్పినంత పెట్టండి.