స్క్రీన్ మినుకుమంటోందా? కాంబో మార్పించే ముందు ఇవి చూడండి

ఫోన్ స్క్రీన్ మినుకుమినుకుమంటోందని షాపులో చెప్పగానే వినిపించే మాట దాదాపు ఎక్కడైనా ఒకటే, "కాంబో పోయిందండీ, మార్చాలి." విజయవాడ గవర్నర్‌పేటలో అడిగినా, ఇటు గుంటూరు అరండల్‌పేటలో అడిగినా అంతే. కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ గాజు కలిసి ఒకే ముక్కగా వచ్చే భాగం. నిజంగా అది పోయిన ఫోన్లూ బోలెడు ఉంటాయి, కాదనను. కానీ సెట్టింగుల్లో ఒక్కటి ఆపేస్తే పోయేదానికి వేలకు వేలు పోసి డిస్‌ప్లే మార్పించుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, అందులో ఒకాయన ఆ డబ్బు సర్దడానికి పండక్కి పిల్లలకి బట్టలు కొనడం కూడా వాయిదా వేశారు. అది తెలిసినప్పటి నుంచీ ఎవరు ఫోన్ తెచ్చినా కూర్చుని ఓపిగ్గా చూసి పెడుతున్నాను. ఆ చూసే పద్ధతే ఇక్కడ రాస్తున్నా. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

ఏ పరీక్షా మొదలుపెట్టక ముందు బ్యాకప్ తీసుకోండి. స్క్రీన్ ఇవాళ మినుకుతోంది, రేపు పూర్తిగా నల్లబడొచ్చు. అప్పుడు పిన్ కొట్టడానికి కూడా ఏమీ కనిపించదు, కంప్యూటర్‌కి కేబుల్ పెట్టినా ఫోన్ లాక్ తీయందే ఫొటోలు చూపించదు. వాట్సాప్ బ్యాకప్, ఫొటోలు, కాంటాక్టులు, కనిపిస్తున్నప్పుడే పక్కకి తీసేసుకోండి. టచ్ మాత్రమే పోయి బొమ్మ కనిపిస్తుంటే మాత్రం ఓటీజీ (ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న అడాప్టర్) పెట్టి మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించండి, చాలా ఫోన్లలో స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది, దాంతోనే లాక్ తీసి పని కానివ్వొచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. స్క్రీన్ మినుకుతున్నప్పుడే స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి. ఓ నిమిషం పాటు అటూ ఇటూ తిప్పి, ఆ వీడియోని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి అందులో చూడండి. రికార్డింగ్ అనేది ఫోన్ లోపల తయారైన బొమ్మని తీసుకుంటుంది, ఆ బొమ్మ స్ట్రిప్ (బోర్డుకీ డిస్‌ప్లేకీ మధ్య ఉండే పల్చటి రిబ్బన్ కేబుల్) గుండా వెళ్లి గాజు మీద ఎలా కనిపించిందో దానికి తెలియదు. కాబట్టి రెండో ఫోన్‌లో కూడా వీడియో మినుకుతుంటే తప్పు యాప్‌దో సాఫ్ట్‌వేర్‌దో అయ్యుంటుంది, డిస్‌ప్లే మార్చినా తగ్గదు. వీడియో శుభ్రంగా ఉంటే విషయం ప్యానెల్ (బొమ్మ వెలిగే తెర) దగ్గరో, స్ట్రిప్ దగ్గరో, లేకపోతే బ్రైట్‌నెస్ లాంటి డిస్‌ప్లే సెట్టింగుల దగ్గరో ఉండొచ్చు. ఈ మూడోదాన్ని మర్చిపోకండి, వీడియో బాగుంది కదా అని వెంటనే షాపుకి పరిగెత్తొద్దు. దీనికి తోడు ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, కంపెనీ లోగో వచ్చేటప్పుడు కళ్లార్పకుండా చూడండి. అప్పటికి మీ యాప్‌లేవీ లేవలేదు కాబట్టి లోగో దగ్గర కూడా మినుకుతోందంటే హార్డ్‌వేర్ మీద అనుమానం గట్టిపడినట్టే.

బ్రైట్‌నెస్ సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా దగ్గరకి వచ్చేవాటిలో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి. మా పిన్ని వాళ్లది గుంటూరు బ్రాడీపేట. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్ చిన్నా, నా ఫోను ఆరిపోయే ముందు దీపం కొట్టుకున్నట్టు కొట్టుకుంటోందిరా, కొత్తది కొనాలంటావా?" అంది. వెళ్లి చూశా. పగలు వరండాలో బాగానే ఉంది, హాల్లోకి వచ్చి కూర్చుంటే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. "ఇటివ్వు పిన్నీ" అని తీసుకుని కిటికీ దగ్గర పక్కకి వంచి చూస్తే, కొత్తగా వేయించిన టెంపర్డ్ గ్లాస్ ఓ వెంట్రుకవాసి కిందకి జరిగి అతుక్కుంది. దాని నల్ల అంచు సరిగ్గా ముందు కెమెరా పక్కనుండే లైట్ సెన్సర్ మీద సగం పడింది. సెన్సర్‌కి గదిలో వెలుగెంతో అర్థంకాక బ్రైట్‌నెస్ పైకీ కిందకీ ఊగుతోంది. ఆటో బ్రైట్‌నెస్ ఆపేస్తే అక్కడికక్కడే నిలబడింది. తర్వాత గ్లాస్ మార్పించి మళ్లీ ఆటో పెట్టాం, ఇప్పటిదాకా ఏ గొడవా లేదు. ఖర్చు ఒక టెంపర్డ్ గ్లాస్. అందుకే నేను చెప్పేది, ఏం చేసినా చేయకపోయినా సెట్టింగుల్లో డిస్‌ప్లేలోకి వెళ్లి అడాప్టివ్ బ్రైట్‌నెస్ (ఆటో బ్రైట్‌నెస్ అన్నా ఇదే) ఆపి ఒక పూట వాడి చూడండి.

అదే డిస్‌ప్లే పేజీలో రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది, అంటే స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. 90, 120 హెర్ట్జ్ ఫోన్లు అవసరాన్ని బట్టి ఆ రేటుని వాటంతట అవే మార్చుకుంటాయి, కొన్ని ప్యానెళ్లలో ఆ మారే క్షణంలో, ముఖ్యంగా చీకట్లో డార్క్ మోడ్‌లో ఉన్నప్పుడు, బూడిదరంగు దగ్గర చిన్న మెరుపులా కనిపిస్తుంది. 60కి కట్టేసి చూడండి. ఆగిపోతే, తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా అలాగే వాడుకోవచ్చు.

ఇక రాత్రి లైట్లు ఆర్పి బ్రైట్‌నెస్ బాగా తగ్గించి చూసేవాళ్ల సంగతి. చాలా ఆమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) స్క్రీన్లు వెలుగు తగ్గించడానికి స్క్రీన్‌ని సెకనుకి కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి, చాలా ఫోన్లలో అది 240 సార్ల దగ్గర ఉంటుంది, ఇప్పుడొస్తున్న కొన్నింటిలో 1920, 3840 దాకా వెళ్లింది. చాలామంది కంటికి అది ఆనదు, కొందరికి మాత్రం కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఇంకో ఫోన్ కెమెరాలోంచి చూస్తే నల్లటి పట్టీలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఆ పట్టీలు చూసి ఫోన్ పాడైందని హడలిపోయినవాళ్లని చూశాను, అది ఆ స్క్రీన్ పనిచేసే తీరే తప్ప జబ్బు కాదు. కళ్లు ఇబ్బంది పడుతుంటే బ్రైట్‌నెస్ కొంచెం పైనే ఉంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన ఎక్స్‌ట్రా డిమ్ (బొమ్మనే మసకబరిచే ఆప్షన్) ఆన్ చేయండి. కొన్ని ఫోన్లలో ఈ ఆర్పి వెలిగించడం తగ్గించడానికి డీసీ డిమ్మింగ్ అనో యాంటీ ఫ్లికర్ అనో వేరే ఆప్షన్ కూడా ఉంటుంది.

కెమెరా తెరిచినప్పుడు మాత్రమే స్క్రీన్ మీద చారలు ఊగుతుంటే స్క్రీన్ జోలికే వెళ్లకండి, గదిలో లైటు చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే ట్యూబులు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కెమెరా దాన్నే పట్టుకుంటోంది. కెమెరా సెట్టింగుల్లో ఈ చారలు తగ్గించే యాంటీ బ్యాండింగ్ ఉంటే 50 పెట్టండి, చాలు.

చార్జింగ్‌లో ఉన్నప్పుడే వస్తోందా? ప్లగ్ పీకేయండి. ఆగిపోతే చార్జరో కేబులో తేడాగా ఉంది, ఇంట్లో వేరే మంచి చార్జర్‌తో పోల్చి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తుంటే ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ (కరెంటుని నునుపుగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే) రకమేమో కూడా చూసుకోండి, చవక చార్జర్లకి, వాటికి అస్సలు పడదు, టచ్ కూడా దానంతటదే నొక్కుకుపోతుంది.

రికార్డింగ్‌లో కూడా మినుకు కనిపించినవాళ్లు ఇక సేఫ్ మోడ్‌కి వెళ్లాలి. పవర్ మెనూ తెచ్చి పవర్ ఆఫ్ అన్నదాని మీద వేలు తీయకుండా నొక్కి ఉంచితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలా అని అడుగుతాయి. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు. అక్కడ మామూలుగా ఉంటే దొంగ ఏదో ఒక యాప్. కళ్లకి చల్లగా అని వేసుకునే బ్లూ లైట్ ఫిల్టర్లు, స్క్రీన్ మీద తేలే బుడగలు పెట్టేవి, మిగతా యాప్‌ల పైన కనిపించే పర్మిషన్ ఉన్నవి, వీటిని ముందు తీసి చూడండి. సేఫ్ మోడ్‌లోనూ ఉంటే డెవలపర్ ఆప్షన్స్‌లో డిసేబుల్ హెచ్‌డబ్ల్యూ ఓవర్‌లేస్ ఉంటుంది (అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుంది), అది ఆన్ చేసి చూడండి, బొమ్మ కూర్చే పనంతా గ్రాఫిక్స్ చిప్ మీద పడుతుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, ఫోన్ రీస్టార్ట్ చేస్తే ఆ సెట్టింగ్ పోతుంది కూడా, కాబట్టి దాన్ని పరీక్షగానే వాడండి. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికంటే ఆఖరున, అదీ లోగో దగ్గర మినుకు లేకపోతేనే.

మన ఎండల గురించి చెప్పకపోతే ఎలా. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది, మే నెలలో మన బెజవాడ మధ్యాహ్నాలు 35 ఎక్కడ, ఎక్కడో పైన. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని, మ్యాప్ ఆన్‌లో, బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టుకుని నిలబడే డెలివరీ కుర్రాళ్లని చూస్తే బాధేస్తుంది, వాళ్లకి ఆ ఫోనే కూడు పెట్టేది. వేడెక్కినప్పుడు స్క్రీన్ దానంతటదే వెలుగు తగ్గించుకోవడం, తడబడడం మామూలే, నీడలో పెట్టి పౌచ్ తీసేసి చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది, అప్పుడు నిజంగానే పోతుంది. చల్లారాక కూడా మినుకుతుంటే ఒకసారి ఫోన్‌ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు చూడండి. స్క్రీన్ గానీ వెనక మూత గానీ పైకి లేచి సందు కనిపిస్తుంటే బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేని కింద నుంచి నెడుతోంది. అక్కడితో పరీక్షలన్నీ ఆపేయండి. నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో తెరవొద్దు, స్విచాఫ్ చేసి షాపుకి తీసుకెళ్లండి.

నీళ్లు తగిలిన ఫోన్ల కథ వేరు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు ఫోన్లు కూడా ఆ నీళ్లలోనే తడిశాయి. ఇలా తడిసినవి ఎండాక బానే పనిచేసి, కొన్నాళ్లకి మెల్లగా మినుకు మొదలవుతుంది. నీళ్లు ఆరిపోతాయి గానీ అందులోని ఉప్పూ మట్టీ కనెక్టర్ పిన్నుల మీద ఉండిపోయి నెమ్మదిగా తినేస్తాయి. బియ్యం డబ్బాలో పెడితే ఆ తుప్పు పోదు, పైగా బియ్యపు నూక లోపలికి పోయి పాడవుతుందని 2024లో ఆపిల్ కూడా పెట్టొద్దనే చెప్పింది. తడిసిన వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా, తెరిచి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి ఆరబెట్టే మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లడం ఒక్కటే దారి. సిమ్ ట్రే తీసి టార్చ్ వేసి చూడండి, చాలా ఫోన్లలో అక్కడ చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, అది ఎర్రబడితే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం.

కింద పడ్డాక మొదలైన మినుకు, వేలితో అంచు మీద మెల్లగా నొక్కితే తగ్గుతూ పెరుగుతూ ఉంటే, స్ట్రిప్ కనెక్టర్ వదులై ఉండొచ్చు. లోపల ఆ కనెక్టర్‌ని తీసి మళ్లీ నొక్కి పెడితే చాలాసార్లు బాగవుతుంది, షాపులో అది చిన్న పని, "ముందు కనెక్టర్ తీసి పెట్టి చూడండి బాబూ" అని మీరే అడగండి. జిగురుతో అతికించిన ఇప్పటి ఆమోలెడ్ ఫోన్లని ఇంట్లో విప్పడానికి నేను ఒప్పుకోను. ప్యానెల్ చాలా పల్చగా ఉంటుంది, బ్లేడు ఓ మిల్లీమీటరు ఎక్కువ దిగితే బాగున్న డిస్‌ప్లే పోతుంది.

అన్నీ చూసి చివరికి కాంబో మార్చక తప్పదని తేలిందనుకోండి. అప్‌డేట్ తర్వాత స్క్రీన్ మీద నిలువుగా పచ్చ గీత వచ్చిన ఫోనైతే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి, వారంటీ అయిపోయినా సరే, కొన్ని మోడళ్లకి కంపెనీలు మన దేశంలో ఉచితంగా మార్చిన సందర్భాలున్నాయి. సరైన సమాధానం రాకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బయట షాపులో మార్పిస్తుంటే ఒరిజినలా, ఓఎల్‌ఈడీ (ఆమోలెడ్ లాంటిదే) కాపీనా, ఇన్‌సెలా, టీఎఫ్‌టీనా (ఈ రెండూ ఎల్‌సీడీ రకాలు) అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. స్క్రీన్ లోపలే వేలిముద్ర పెట్టే ఫోన్‌కి ఇన్‌సెల్, టీఎఫ్‌టీ లాంటి ఎల్‌సీడీ కాంబో వేస్తే ఆ వేలిముద్ర పనిచేయదు, ఈ సంగతి డబ్బులు కట్టాక తెలిసి లాభం లేదు. గమ్ పెట్టి అతికించక ముందే కనెక్టర్ తగిలించి వెలిగించి చూపించమనండి. శామ్‌సంగ్ అయితే *#0*#, షావోమీ అయితే *#*#6484#*#* కొడితే టెస్ట్ మెనూ వస్తుంది, ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు ఒక్కొక్కటీ నిండుగా వేసి చూడండి, బ్రైట్‌నెస్ అట్టడుగుకి దించి ఒకసారి, పూర్తిగా పెంచి ఒకసారి. నాలుగు మూలలా టచ్ గీసి చూడండి. పాత కాంబో మీదే, అడిగి తెచ్చుకోండి.